ఆసిఫాబాద్‌లో దొరకని ముల్లు

బసంత్‌నగర్‌లో, దేవాపూర్‌లో సిమెంటు కోసం తవ్వుతున్న సున్నపురాయి ఒకప్పుడు సముద్రపు అడుగు. ఆదిలాబాద్ చుట్టుపక్కల పెన్‌గంగ దిక్కున పలకలు పలకలుగా పరుచుకున్న సున్నపురాయీ అంతే. రామగుండం ఎండలో నిలబడి ఈ మాట చెబితే వినేవాళ్ళకు నమ్మకం కుదరదు. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చుని విశాఖకు పోవాల్సిన ప్రాంతం ఇది. భూవిజ్ఞానులకు మాత్రం ఇందులో అనుమానం లేదు. సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట, కొన్ని పొరల విషయంలో ఇంకా ముందే, ఈ నేల మీద ఉప్పునీళ్ళు నిలిచాయి. వాటి అడుగున పేరుకున్న సున్నపు బురదే ఇవాళ బట్టీలో కాలి సిమెంటవుతున్నది.

సముద్రపు రాయి అనగానే అందులో గవ్వలో ఆల్చిప్పలో ఉంటాయనుకుంటాం. ఈ రాళ్ళను ఎంత పగలగొట్టినా ఒక్కటీ కనిపించదు. ఇక్కడి పాకాల శ్రేణి సున్నపురాళ్ళలో కొన్నిచోట్ల సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టుకున్న స్ట్రోమటోలైట్లు మాత్రం దొరుకుతాయి. గుల్లలున్న ప్రాణులు పుట్టడానికి ఇంకా నలభై, యాభై కోట్ల ఏళ్ళుండగానే ఆ సముద్రం వచ్చి వెళ్ళిపోయింది.

సీ అర్చిన్ల గురించి, శాండ్ డాలర్ల గురించి రాయబోతూ ఉత్తర తెలంగాణ నుంచి మొదలుపెట్టడం విడ్డూరంగానే ఉంటుంది. ఒక ప్రాణి ఎక్కడెక్కడ ఉన్నదో, ఎన్ని రకాలుగా ఉన్నదో చెప్పుకుంటూ పోవడం మామూలు పద్ధతి. అది ఎక్కడ లేదో, ఎందుకు లేదో అడిగితే దాని స్వభావం ఇంకా బాగా తెలుస్తుందని నా నమ్మకం. అలా అడగడానికి ప్రాణహిత–గోదావరి లోయను మించిన చోటు దొరకదు. వంద కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు రాయి నుంచి ఆరున్నర కోట్ల ఏళ్ళ నాటి లావా దాకా ఎన్నో కాలాల పొరలు ఇక్కడ ఉన్నాయి. చేపలున్నాయి, మొసళ్ళున్నాయి, రాక్షసబల్లులున్నాయి. సీ అర్చిన్ లేదు. ఆ లేకపోవడం అన్నిచోట్లా ఒకే రకంది కాదన్నదే ఇక్కడి అసలు సంగతి.

ముందు ప్రాణి గురించి. సీ అర్చిన్ కంటకచర్మ జీవి. సముద్ర నక్షత్రాలు, సముద్ర దోసకాయలు, సముద్ర లిల్లీలు దీని చుట్టాలు. ఈ వర్గంలో ఇవాళ బతికున్న జాతులు సుమారు ఏడు వేలు. సీ అర్చిన్లు, శాండ్ డాలర్లు, హృదయాకారపు అర్చిన్లు అన్నీ కలిపితే అందులో వెయ్యి దాకా వస్తాయి. పైకి ముళ్ళ బంతి కనిపిస్తుంది. ముళ్ళు రాలిపోతే లోపల గుండ్రటి గుల్ల మిగులుతుంది. నత్తగుల్ల నత్తకు బయట ఉంటుంది. అర్చిన్ గుల్ల మీద మాత్రం పలుచని చర్మం కప్పి ఉంటుంది కాబట్టి అది లోపలి అస్థిపంజరం కిందే లెక్క. పైనుంచి కిందికి ఇరవై వరసల పలకలు ఉంటాయి: ఐదు జంటల వరసల్లోంచి సన్నని గొట్టపు పాదాలు బయటికి వస్తాయి, వాటి మధ్య మరో ఐదు జంటల వరసలు పెద్ద ముళ్ళను మోస్తాయి.

ఈ పలకల తయారీ చూడదగ్గది. ఒక్కో పలకా, ఒక్కో ముల్లూ ఒకే ఒక్క కాల్సైట్ స్ఫటికం. స్ఫటికమంటే నిండుగా గట్టిగా ఉండాలి కదా, ఇది అలా ఉండదు. సూక్ష్మదర్శినిలో చూస్తే కరీంనగర్ వెండి నగిషీ పనిలో తీగెకూ తీగెకూ మధ్య సందులున్నట్టు అంతా జల్లెడ అల్లికే. ఆ సందుల్లో బతికున్న కణజాలం నిండి ఉంటుంది. బరువు తక్కువ, బలం ఎక్కువ. పగులు వస్తే ఒక సందు దగ్గర ఆగిపోతుంది. ప్రాణి చచ్చిపోయి పలకలు విడిపోయి, ఇసుకలో నలిగి, ఒక మిల్లీమీటరు ముక్కగా మిగిలినా ఈ స్ఫటిక లక్షణం పోదు. రాయిని పలుచగా అరగదీసి ధ్రువిత కాంతిలో తిప్పి చూస్తే కంటకచర్మి ముక్క మొత్తం ఒక్కసారిగా చీకటవుతుంది, ఒక్కసారిగా వెలుగుతుంది. గవ్వ ముక్క అలా చేయదు, చేప ఎముక అసలే చేయదు. పేరు తెలియని ముక్కను కూడా ఏ వర్గందో క్షణంలో చెప్పగలిగే అవకాశం శిలాజ శాస్త్రంలో అరుదు.

ఇంకో లక్షణం మన కథకు కీలకం. ఈ జంతువు కండరాల కన్నా నీటి ఒత్తిడి మీద ఎక్కువ ఆధారపడి నడుస్తుంది. గుల్ల నెత్తిన ఒక జల్లెడ పలక, లోపల గొట్టాలు, వాటి చివర వందల గొట్టపు పాదాలు. అందులో ఉండేది దాదాపు సముద్రపు నీరే. ఒంట్లోని ద్రవంలో ఉప్పు ఎంతో బయటి నీళ్ళలోనూ అంతే. తేడా వస్తే సరిచేసే మూత్రపిండాల వంటి అవయవమేదీ దీనికి లేదు. మంచినీళ్ళలో వేస్తే నీరు లోపలికి చొచ్చుకుపోయి కణాలు ఉబ్బి చచ్చిపోతుంది. నది ముఖాల దగ్గర కాస్త చప్పబడిన ఉప్పునీటిని ఓర్చుకునే రకాలు కొన్ని ఉన్నాయి. నదిలో బతికేది మాత్రం ఒక్కటీ లేదు. అర్చిన్లలోనే కాదు, మొత్తం ఏడు వేల కంటకచర్మ జాతుల్లో ఒక్కటీ లేదు. నత్తలు సముద్రం నుంచి వచ్చి చెరువుల్లో స్థిరపడ్డాయి, ఆల్చిప్పలు స్థిరపడ్డాయి, పీతలూ రొయ్యలూ వచ్చాయి, స్పంజికలు, జెల్లీ చేపల్లో కూడా కొన్ని వచ్చాయి. యాభై కోట్ల ఏళ్ళకు పైబడిన చరిత్రలో కంటకచర్ములు ఆ గడప దాటలేదు.

కాబట్టి ఒక రాతిలో అర్చిన్ ముల్లు కనిపించిందంటే ఆ నీళ్ళు ఉప్పునీళ్ళే. ఇంత సూటి సాక్షి మరొకటి దొరకడం అరుదు.

ఇప్పుడు లోయలోకి వద్దాం. పాత సముద్రం పోయాక ఇక్కడ నేల చీలి కుంగింది. ఆ పల్లంలోకి నదులు ఇసుకనూ బురదనూ తెచ్చి పోశాయి. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనుల్లోని సింగరేణి బొగ్గు ఆ కాలపు చిత్తడి అడవులదే. అది పెర్మియన్ యుగం, మన దేశం అప్పుడు గోండ్వానా ఖండంలో ఒక లోపలి భాగం. ఆ యుగపు రెండో సగంలో, సుమారు 26.8 కోట్ల ఏళ్ళ కిందట, ఇవాళ టెక్సస్ ఉన్నచోటి సముద్రంలో ఇయోటియారిస్ అనే అర్చిన్ బతికింది. నేటి అర్చిన్ల వంశానికి నేరుగా చెందిన శిలాజాల్లో తెలిసినంతలో పాతది అదేనని 2015లో ప్రకటించారు. అంతకు ముందూ అర్చిన్లున్నాయి. వాటి చరిత్ర 45 కోట్ల ఏళ్ళ కిందటి ఆర్డోవిషియన్ యుగం దాకా పోతుంది. అయితే ఆ పాతవాటి పలకల వరసలకు ఒక లెక్కా పత్రం ఉండేది కాదు. 25.2 కోట్ల ఏళ్ళ కిందట పెర్మియన్ యుగాన్ని ముగించిన మహా వినాశనంలో సముద్రపు జాతుల్లో అధికభాగం తుడిచిపెట్టుకుపోయినప్పుడు అర్చిన్లలో మిగిలినవి ఒకటి రెండు వంశాలే. ఇవాళ్టి వెయ్యి జాతులూ ఆ కొద్దిపాటి మిగులు సంతానం. ఇరవై వరసల పద్ధతి ఇన్ని రకాల్లోనూ ఒకేలా కనిపించడానికి కారణం ఇదే: మిగిలినవాటికి ఆ పద్ధతి ఉంది, అంతే. వేరే ఏర్పాటున్న వంశం బతికి ఉంటే జంతుశాస్త్ర పుస్తకాల్లో బొమ్మ మరోలా ఉండేది.

ఆసిఫాబాద్ దగ్గరి మలేరి అనే పల్లె పేరుతో ఒక ఎర్రమట్టి పొరల వరస ఉంది. ట్రయాసిక్ యుగానిది. రింకోసార్లనే మొద్దు ముక్కు శాకాహారి సరీసృపాలు, మొసలిని తలపించే ఫైటోసార్లు, ఊపిరి చేపల పళ్ళు అందులో దొరికాయి. ఊపిరి చేపల పళ్ళే చెబుతాయి అది మంచినీటి దేశమని. ఇక్కడ అర్చిన్‌ను వెతకడం దండగ.

కోట పొరల సంగతి అంత సులువుగా తేలలేదు. ప్రాణహిత ఎడమ గట్టున, సిరొంచ దగ్గరి కోట పల్లె ఇప్పుడు మహారాష్ట్రలో ఉంది. ఆ పల్లె పేరు మోసే రాళ్ళు నది ఇవతల మన వైపుకీ వస్తాయి. 1850ల నాటికే ఇక్కడి పలకరాళ్ళలోని మెరిసే పొలుసుల చేపలు లండన్ పండితుల బల్లల మీదికి చేరాయి. 1881లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ తరఫున విలియం కింగ్ ఈ లోయ మొత్తానికి భూవిజ్ఞాన వివరణ రాశాడు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసబల్లికి 1988లో పి. యాదగిరి కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టారు.  

కోట సున్నపురాయి చెరువు అడుగుదా, సముద్రపు పాయదా? ఈ ప్రశ్న చాలాకాలం నలిగింది. 1974లో ఎస్.ఎల్. జైన్ ఇక్కడి నుంచి ఇండోసీలకాంతస్ అనే సీలకాంత్ చేపను వర్ణించారు. సీలకాంత్‌లు ఇవాళ సముద్రంలోనే ఉన్నాయి కనుక ఉప్పునీటి అనుమానం సహజం. కానీ పాతకాలపు సీలకాంత్‌లలో మంచినీటివీ ఉండేవి. చేప మంచి సాక్షి కాదు, నీళ్ళు మారితే మాట మారుస్తుంది. పులస సంగతి గోదావరి ఒడ్డున పుట్టినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, సముద్రంలో పెరిగి నదిలోకి ఎదురీదుతుంది. మరోవైపు ఇవే పొరల్లో మంచినీటి కుంటల్లో పెరిగే కారా జాతి నాచు గింజలు, నీటిగుంటల్లో బతికే గుల్ల రొయ్యలు ఉన్నాయి. వీటికి తోడు అర్చిన్ ముక్క గానీ సముద్ర లిల్లీ కాడ గానీ లేకపోవడం చెరువు వాదానికే బలమిస్తుంది. ఒక సున్నపురాయి నిజంగా ఆ కాలపు సముద్రంలో పేరుకొని ఉంటే, పలుచగా కోసిన ముక్కల్లో ఎక్కడో ఒకచోట ఆ ఒక్కసారిగా చీకటయ్యే గింజ కనబడాల్సింది.

కోట చెరువుల ఒడ్డున కోటసారస్ తిరుగుతున్న తొలి జురాసిక్ కాలంలోనే, ప్రపంచపు మరో మూల సముద్రాల్లో అర్చిన్లు తమ చరిత్రలో అతి పెద్ద మలుపు తిరిగాయి. అప్పటిదాకా అర్చిన్‌కు ముందూ వెనకా లేవు. నోరు సరిగ్గా కింద, మలద్వారం సరిగ్గా పైన. ఏ దిక్కుకైనా ఒకేలా నడిచేది. సుమారు 19 కోట్ల ఏళ్ళ కిందట కొన్నింటిలో మలద్వారం నడినెత్తి నుంచి జరిగి వెనక్కి రావడం మొదలైంది. ద్వారం వెనక్కి పోయిందంటే శరీరానికి ఒక వెనక వచ్చింది, కాబట్టి ఒక ముందూ వచ్చింది. రాళ్ళ మీద నాచు గోక్కునే జంతువుకు ఇది అక్కర్లేదు. ఇసుకలో దూరి ఒకే దిశలో తవ్వుకుంటూ పోయే జంతువుకు ఇది ప్రాణం. నెత్తి మీద వదిలిన మలం తన బొరియలోనే తన మీదే పడితే ఎలా? సముద్రపు అడుగులో అధికభాగం రాయి కాదు, ఇసుకా బురదా. అందులోకి దారి దొరికింది. ఇవాళ్టి అర్చిన్ జాతుల్లో సగానికి దగ్గర ఈ దారిన వచ్చినవే.

పాత పద్ధతిలోనే ఉండిపోయిన వాటిలోనూ రకాలకు కొదవ లేదు. పెన్సిల్ అర్చిన్‌కు వేళ్ళంత లావు ముళ్ళుంటాయి, పూర్వం పలకల మీద రాసుకోవడానికి బలపాలుగా వాడేవారు. డయాడెమా ముళ్ళు సూదుల కన్నా సన్నం, గుల్ల వెడల్పుకు కొన్ని రెట్ల పొడవు. కాలిలో దిగితే అక్కడే విరుగుతాయి. అలలు బాదే నల్లరాళ్ళ మీద బతికే షింగిల్ అర్చిన్‌కు ముళ్ళే లేవనిపిస్తుంది, పైవన్నీ బండపరుపులా పొట్టివై ఒకదానికొకటి అతుక్కుని అలను జారిపోనిస్తాయి. పూల అర్చిన్‌లో ముళ్ళు చిన్నవి, వాటి మధ్య పువ్వుల్లా విచ్చుకునే చిన్న పట్టకారులు విషం నింపుకుని ఉంటాయి. అందంగా ఉందని చేత్తో పట్టుకోకూడని ప్రాణుల జాబితాలో ఇది ముందుంటుంది. లోతు సముద్రపు తోలు అర్చిన్ల పలకలు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోవు. నీళ్ళలో ఉబ్బి ఉంటాయి, పైకి తీస్తే సొట్టబోతాయి. ఏడు వేల మీటర్ల లోతున సీసా ఆకారపు అర్చిన్లు బురద తింటూ నడుస్తుంటాయి. బంతి, బిళ్ళ, గుండె, సీసా: ఒకే ఇరవై వరసల పలకలతో ఇన్ని ఆకారాలు వచ్చాయి.

మనకు దగ్గరలో చూడాలంటే విశాఖ రాళ్ళ దగ్గరికి పోవాలి. ఆటు వేళకు రాతి గుంటల్లో నల్లగా, కాస్త ఊదా మెరుపుతో కనిపించే ముళ్ళ బంతి స్టోమోప్న్యూస్టెస్ వేరియోలారిస్. అది కూర్చున్న గుంటను చాలావరకు తనే తొలుచుకుంటుంది. దాని నోట్లో ఉండే యంత్రానికి అరిస్టాటిల్ లాంతరు అని పేరు. తన జంతుచరిత్రలో ఆయన చేసిన వర్ణన నుంచి వచ్చింది. సుమారు నలభై చిన్న ఎముకల వంటి ముక్కలు, వాటిని కదిపే కండరాలు, మధ్యలో కిందికి పొడుచుకొచ్చిన ఐదు పళ్ళు. పంటి చివర అరుగుతుంటే పైనుంచి కొత్త పన్ను దిగుతూనే ఉంటుంది. పంటిలో కొన్ని పొరలు మెత్తన, కొన్ని గట్టి. మెత్తనివి ముందు రాలిపోవడంతో అంచు తనంతట తనే పదునెక్కుతుంది. సానపట్టే పని లేదు.

ఇసుకలోకి దిగిన దారిలో చివరి కొస శాండ్ డాలర్. బంగాళాఖాతపు తీరాల్లో దొరికే ఎకినోడిస్కస్ ఇందుకు మంచి నమూనా: అరచేతి వెడల్పు, బిస్కెట్టంత మందం, వెనక వైపు రెండు చీలికలో రంధ్రాలో ఉంటాయి. బీచుల్లో దొరికే తెల్లటి బిళ్ళ దాని గుల్ల మాత్రమే. బతికున్నప్పుడు ఒళ్ళంతా ముఖమల్ గుడ్డలా మెత్తటి పొట్టి ముళ్ళతో, గోధుమ లేదా ఊదా రంగులో ఉంటుంది. పైన కనిపించే ఐదు రేకుల గుర్తు అలంకారం కాదు, అక్కడి గొట్టపు పాదాలు మొప్పలుగా మారి ఊపిరి తీస్తాయి. ఇంత పలుచని బిళ్ళ అలల తాకిడికి ఎందుకు నలిగిపోదంటే, లోపల పై కప్పునూ కింది అడుగునూ కలుపుతూ సన్నని స్తంభాలున్నాయి. మరి ప్రవాహం వస్తే విమానం రెక్కలా పైకి ఎందుకు లేవదు? చాలా జాతుల్లో కనిపించే ఆ రంధ్రాలు, చీలికలు ఉన్నది అందుకేనని, వాటి గుండా నీరు పారి కింది ఒత్తిడి తగ్గుతుందని 1980లలో జరిగిన నీటి కాలువ ప్రయోగాలు చూపించాయి. అమెరికా పడమటి తీరపు డెండ్రాస్టర్ పిల్లలు మరో ఉపాయం పట్టాయి: ఇసుకలోంచి బరువైన ఇనుప ఖనిజపు రేణువులను ఏరి మింగి పేగులో దాచుకుంటాయి. బరువు చాలాక, పెద్దయ్యాక వదిలేస్తాయి. అదే జాతి డింభకాలు నీళ్ళలో చేపల జిగురు వాసన తగిలితే తమను తాము విడగొట్టుకుని రెండవుతాయని 2008లో తేలింది. చిన్నగా ఉన్నవి చేప కంటికి సులభంగా ఆనవు.

ఈ డింభకాలే మనిషికి తన పుట్టుక గురించి కొంత నేర్పాయి. అర్చిన్ అండం దాదాపు పారదర్శకం, లక్షల్లో దొరుకుతుంది, గాజు పళ్ళెంలోనే ఫలదీకరణ చెందుతుంది. 1876లో ఆస్కర్ హెర్ట్‌విగ్ వీర్యకణపు కేంద్రకం అండకేంద్రకంతో కలవడాన్ని మధ్యధరా సముద్రపు అర్చిన్‌లోనే చూశాడు. కణ విభజనను నడిపించే సైక్లిన్ ప్రోటీన్లను టిమ్ హంట్ 1982లో అర్చిన్ గుడ్లలోనే పట్టుకున్నాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 2006లో జన్యుపటం వెలువడ్డాక వీటికీ మనకూ ఉన్న చుట్టరికం ఇంకా స్పష్టమైంది: పురుగుల కన్నా ఈగల కన్నా ఇవి మనకు దగ్గర.

జన్యువుల పనే శాండ్ డాలర్ల వయసు మీద పెద్ద తిరకాసు పెట్టింది. శిలాజాలను బట్టి శాండ్ డాలర్ల వంశం దక్కన్ లావా చల్లారాక, అంటే ఆరున్నర కోట్ల ఏళ్ళ ఇవతల మొదలైనట్టు కనిపిస్తుంది. పేలియోసీన్‌లో చిన్న చిన్నవి, ఇయోసీన్‌లో ఒక్కసారిగా ప్రపంచమంతటా. 2022లో నికోలస్ మోంగియార్డినో కోక్ బృందం కొత్తగా పద్దెనిమిది జాతుల జన్యు సమాచారాన్ని చేర్చి వంశవృక్షాన్ని గీసి కాలం లెక్కగడితే, ఆ వంశం పుట్టింది క్రిటేషియస్ యుగంలోనేనని తేలింది. శిలాజాలు మొదలవడానికి సుమారు ఐదు కోట్ల ఏళ్ళ ముందు. ఇంత గట్టి గుల్ల ఉన్న ప్రాణి, ఇసుకలోనే పూడిపోయి శిలాజంగా మారడానికి అన్ని హంగులూ ఉన్న ప్రాణి, ఐదు కోట్ల ఏళ్ళు ఎక్కడా గుర్తు వదలకుండా బతికింది.

ఇక్కడ లేకపోవడం రెండు రకాలుగా చీలుతుంది. మలేరి మట్టిలో అర్చిన్ లేకపోవడం దాని శరీర ధర్మం పెట్టిన నిషేధం. క్రిటేషియస్ రాళ్ళలో శాండ్ డాలర్ లేకపోవడం మనకు కనబడకపోవడం మాత్రమే. ఉత్తర తెలంగాణలో ఈ రెంటిలో ఏదో చెప్పలేని చోటు ఒకటుంది.

క్రిటేషియస్ చివర్లో మన దేశపు దక్షిణ, మధ్య భాగాల్లోకి సముద్రం చొచ్చుకొచ్చిన చోట్లు తెలిసినవే. తమిళనాడు అరియలూరు రాళ్ళలో అర్చిన్లు విరివిగా ఉన్నాయి, 1870లలోనే ఫెర్డినాండ్ స్టోలిజ్కా వాటిని వర్ణించాడు. నర్మద లోయలో ధార్ జిల్లా బాఘ్ పొరల్లోనూ హృదయాకారపు అర్చిన్లున్నాయి, కాబట్టి అరేబియా వైపు సముద్రం అంత లోపలికి వచ్చిందనడానికి వాదన అక్కర్లేదు. తర్వాత, 6.6 కోట్ల ఏళ్ళ కిందటి ప్రాంతంలో, లావా వరదల మీద వరదలుగా పారింది. నిర్మల్, ఆదిలాబాద్ ప్రాంతపు నల్లరేగడి ఆ బసాల్టు అరిగి వచ్చిందే. కొన్ని ప్రవాహాలు పడమటి కనుమల దిక్కు నుంచి రాజమండ్రి దాకా వెయ్యి కిలోమీటర్లు పారి ఉంటాయని 2008లో ఒక బృందం వాదించింది. ఒక లావాకూ మరో లావాకూ మధ్య విరామంలో గుంటల్లో చేరిన పలుచని మట్టి పొరలే జీవజాలాన్ని దాచుకున్నాయి.

అలాంటి ఒక పొర ఆసిఫాబాద్ దగ్గర ఉంది. జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని అందులోని సూక్ష్మ శిలాజాలను 1987లో వర్ణించారు. వాళ్ళు ఆ జీవసమూహాన్ని సముద్రతీర మైదానానిదిగా గుర్తించారు. ఆసిఫాబాద్, సముద్రతీర మైదానం: ఈ రెండు మాటలు ఒకే వాక్యంలో కలవడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. అందుకు ముఖ్య ఆధారం టేకు చేప జాతి పళ్ళు, గట్టి గుల్లలను నలిపే చదును పళ్ళు. ఈ చేపల చుట్టాలు ఎక్కువగా సముద్రపువే. అయితే అవీ చేపలే. అమెజాన్‌లో పూర్తిగా మంచినీటికి అలవాటుపడ్డ టేకులున్నాయి, ఆసియా నదుల్లో వందల కిలోమీటర్లు ఎగువకు పోయేవీ ఉన్నాయి. పంటిని బట్టి సముద్రం దగ్గరుండి ఉండొచ్చనగలం, ఇక్కడే ఉందనలేం.

2009లో గెర్టా కెల్లర్ బృందం ఛింద్వాడా జిల్లా ఝిల్‌మిలీ దగ్గర లావాల మధ్య పొరలో సముద్రంలో తేలియాడే ఫోరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గుల్లలను చూపి, దేశం నడిమి దాకా ఒక సముద్రపు పాయ వచ్చిందన్నది. నర్మద–తపతి లోయల దారినో, ఆగ్నేయం నుంచి గోదావరి దారినో. రాజమండ్రి దగ్గర లావాల మధ్య సముద్రపు, నదీముఖపు జీవుల పొరలు ఉండనే ఉన్నాయి. గోదావరి దారే నిజమైతే ఆ నీళ్ళు ఆసిఫాబాద్‌ను తాకకుండా పోవడం కష్టం. కానీ అదే ఝిల్‌మిలీ పొరలో మంచినీటి ఆస్ట్రకాడ్లనే సూక్ష్మ గుల్ల ప్రాణులూ ఉన్నాయి, కాబట్టి దీన్ని ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. నా మటుకు నాకు పాయ వచ్చే ఉంటుందనిపిస్తుంది, ఎక్కువ కాలం నిలవలేదనీ అనిపిస్తుంది.

ఇలాంటి తగాదాలో అర్చిన్ ముల్లు ఒక్కటి చాలు. అది ఈదుకుంటూ ఎగువకు రాదు, మంచినీటికి అలవాటుపడదు. ఆసిఫాబాద్ నుంచి వర్ణించినవి ప్రధానంగా వెన్నెముకగల ప్రాణుల పళ్ళు, ఎముకలు. వాటిలో ముల్లు లేదు. దీన్ని మలేరి రకపు లేకపోవడంగా తీసుకోవాలా, శాండ్ డాలర్ రకంగానా? ఉప్పు సగం చచ్చిన పాయలో అర్చిన్లు ఎలాగూ పలుచగానే ఉంటాయి. పైగా వెతికే పద్ధతిలోనే ఒక మెలిక ఉంది. లావాల మధ్య మట్టిని నానబెట్టి, సన్న జల్లెడల్లో కడిగి, మిగిలిన గింజలను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరుతారు. సున్నం పట్టి గట్టిపడిన మట్టి నీళ్ళకు విడిపోకపోతే పలుచని అసిటిక్ ఆమ్లంలో నానబెట్టడం వాడుక. పళ్ళు, ఎముకలు ఫాస్ఫేటువి, ఆమ్లానికి తట్టుకుంటాయి. అర్చిన్ ముల్లు కాల్సైటు. ఆ తొట్టిలో అది బుడగలై పోతుంది.

ఆసిఫాబాద్, నిర్మల్ పొరల మట్టిని మళ్ళీ కడిగేవాళ్ళు సగం బస్తాను మామూలు నీళ్ళలోనే, ఎన్ని రోజులు పట్టినా సరే, నానబెట్టి చూడాలి. గట్టిగా ఉన్న గడ్డల్ని కడగకుండా పలుచగా కోసి ధ్రువిత కాంతి కింద తిప్పాలి. పని విసుగుపుట్టించేదే, అయినా ఖర్చు పెద్దగా లేనిది. జిల్లా కాలేజీలో భూవిజ్ఞాన విభాగం ఉంటే అక్కడే జరగగలిగేది.